మాట వెనుక కథ: స్టేక్‌హోల్డర్

ఇంగ్లిషులో ‘స్టేక్’ అంటే పందెంలో ఒడ్డిన సొమ్ము. 18వ శతాబ్దంలో ఆ సొమ్ము తన దగ్గర ఉంచుకుని, గెలిచినవాడికి అప్పగించే మధ్యవర్తిని ‘స్టేక్‌హోల్డర్’ అనేవారు. గెలుపోటములతో అతనికి పని లేదు. 1963లో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ పత్రంలో అర్థం తిరగబడింది: ఎవరి అండ లేకపోతే సంస్థ నిలవదో వాళ్లే స్టేక్‌హోల్డర్లు. 1984లో ఎడ్వర్డ్ ఫ్రీమన్ పుస్తకంతో ఆ వాడుక స్థిరపడింది. తెలుగులో ‘వాటాదారు’ అంటే షేర్లున్నవాడనే అనుకుంటాం కాబట్టి, పత్రికలు ‘భాగస్వామ్య పక్షాలు’ అంటున్నాయి.

పలమనేరు నుంచి బెంగళూరు సాఫ్ట్‌వేర్ కొలువులకు వెళ్లినవాళ్లకు ఇది రోజువారీ మాట. సాఫ్ట్‌వేర్ పనిని విడతలుగా చేసే స్క్రమ్ పద్ధతిలో ప్రతి స్ప్రింట్ (విడత) చివర రివ్యూ ఉంటుంది. నెల రోజుల స్ప్రింట్‌కైనా అది నాలుగు గంటలు దాటకూడదు. చేసిన పని చూపించి, స్టేక్‌హోల్డర్లు చెప్పేది విని, తర్వాతి పని మార్చుకోవాలి. చాలాచోట్ల స్లైడ్లు, చప్పట్లతోనే సరిపెడతారు.

పలమనేరు టమాటా మండీకి యాప్ తయారవుతోందనుకోండి. డబ్బిచ్చే మండీ ఓనరు రివ్యూకి వస్తాడు. వేలం సందడిలో నిలబడి క్రేట్ల లెక్క ఫోన్లో ఎక్కించే గుమాస్తా రాడు. కమీషన్ పోను చేతికెంతో చూసుకునే రైతూ రాడు. అందరికంటే ఎక్కువ ఒడ్డింది ఆ రైతే. వచ్చే రివ్యూకి ఆ ఇద్దరినీ పిలవండి.