చిలప కూలి, సంయమన బహుమతి: ఉత్తేజక వ్యసన చికిత్సలో ప్రోత్సాహక విధానం – చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖాదీ నూలు వడికే స్త్రీలకు చిలపల లెక్కన కూలి ముడుతుంది. పనికీ ఫలానికీ నడుమ ఎడం తక్కువ. వ్యసనం బలం కూడా ఇటువంటిదే. కొకైన్, మెథాంఫెటమిన్ వంటి ఉత్తేజక మాదకద్రవ్యాలు క్షణాల్లో సుఖాన్నిస్తాయి. మానివేయడం వల్ల కలిగే మేలు నెలల తర్వాత గాని కనిపించదు. ఈ ఎడాన్ని తగ్గించేందుకు జరిగిన ప్రయత్నాలను, ఆసుపత్రి నుంచి ఇల్లు చేరిన రోగిని దృష్టిలో ఉంచుకొని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఆసుపత్రి లోపల

బి.ఎఫ్. స్కిన్నర్ ప్రవర్తనా సిద్ధాంతం ఆధారంగా టియోడోరో ఐయోన్, నేథన్ అజ్రిన్ 1960లలో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రపు మానసిక వైద్యశాలలో బిళ్ళల పద్ధతిని ప్రవేశపెట్టారు. నిర్దేశించిన పని చేసిన రోగి బిళ్ళలు సంపాదించి, వాటితో తనకు నచ్చినవి పొందవచ్చు. వీరి గ్రంథం 'ద టోకెన్ ఎకానమీ' 1968లో వెలువడింది. అయితే అక్కడ రోగికి అందేదంతా సిబ్బంది అదుపులో ఉండేది. వీధిలో ఆ అదుపు ఉండదు. అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది.

3. ఆసుపత్రి వెలుపల

ఆ పరీక్షకు వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ హిగ్గిన్స్ బృందం సమాధానం వెదికింది. ఇంటివద్ద ఉంటూ చికిత్స పొందే కొకైన్ వ్యసనపరులకు వారానికి మూడుసార్లు మూత్రపరీక్ష జరిపేవారు. మాదకద్రవ్యపు జాడ లేకుంటే వస్తువులకు మార్చుకోదగిన వోచరు ఇచ్చేవారు. తొలి వోచరు విలువ 2.50 డాలర్లు; వరుసగా నిగ్రహం పాటించినకొద్దీ అది పెరిగేది, తప్పితే మళ్ళీ మొదటికి వచ్చేది. 1994లో ప్రచురితమైన వీరి అధ్యయనంలో వోచర్లు పొందినవారిలో 75 శాతం, పొందనివారిలో 40 శాతం 24 వారాల చికిత్స పూర్తిచేశారు. ఖర్చు తగ్గించడానికి నాన్సీ పెట్రీ 2000లో చీటీ తీసి బహుమతి గెలిచే పద్ధతిని పరిచయం చేశారు. 2011లో అమెరికా మాజీ సైనికుల వైద్యవ్యవస్థ, 2023లో కాలిఫోర్నియా ప్రభుత్వ ఆరోగ్య పథకం ఈ విధానాన్ని అమలులోకి తెచ్చాయి.

4. ఆంధ్రదేశ అనుభవం

మన చరిత్ర మరో దారిలో నడిచింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీల సారా వ్యతిరేక పోరాటం, 1995 జనవరి 16న అమలులోకి వచ్చిన మద్యనిషేధం, 1997లో దాని సడలింపు – ఇవన్నీ ప్రధానంగా దుకాణం చుట్టూ తిరిగాయి; తాగుడు మానదలచిన వ్యక్తి రోజువారీ నిగ్రహం వీటిలో చర్చనీయాంశం కాలేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్ మాత్రం, స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చే వ్యసనపరుడికి కొన్ని నేరాల విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స పూర్తిచేయకుంటే దాన్ని ఉపసంహరించవచ్చు. ఇదీ ఒక షరతుగల ప్రోత్సాహకమే. కాని అది భయాన్ని తొలగిస్తుందే తప్ప, ఈ రోజు నిగ్రహానికి ఈ రోజే ఫలం చూపదు.

5. ముగింపు

మంచిగా ఉండేందుకు లంచమా అన్నది ఈ విధానంపై తరచు వినిపించే ఆక్షేపణ. బహుమతులు ఆగాక ప్రభావం సన్నగిల్లవచ్చునన్నది అంతకంటె బలమైన విమర్శ. అయినా ఉత్తేజక వ్యసనానికి ఆమోదం పొందిన మందు అమెరికాలో నేటికీ లేనందున, దీన్ని తోసిపుచ్చలేం. కూలి శ్రమకు వెల. ఈ బహుమతి కోలుకొనేవరకు ఇచ్చే ఊతకర్ర. పొందూరు వంటి ఊళ్ళలో పరీక్షాకేంద్రం దూరమైతే, ప్రతి ప్రయాణమూ ఒక పూట కూలిని హరిస్తుంది. అందువల్ల బహుమతి విలువను నిర్ణయించే ముందు, రోగి దాన్ని అందుకోవడానికి పోగొట్టుకొనేదెంతో లెక్కించాలి.