హోటల్ విక్రయ బృందాల్లో ఉద్యోగ నిమగ్నత: పనితీరుపై ప్రభావం

హోటల్ గది నిల్వ ఉండే సరుకు కాదు. ఈ రాత్రి ఖాళీగా మిగిలిన గది ద్వారా రావలసిన రాబడి మళ్లీ రాదు. విక్రయ, మార్కెటింగ్ బృందాలపై నిత్యం ఉండే ఒత్తిడికి మూలం ఇదే. కార్పొరేట్ సంస్థలతో ధరల ఒప్పందాలు, పెళ్లిళ్లు, సదస్సులకు హాళ్ల కేటాయింపు, ట్రావెల్ ఏజెంట్లతో సమన్వయం ఈ బృందాల ప్రధాన విధులు.

నిమగ్నత అంటే?

అమెరికా పరిశోధకుడు విలియం కాన్ 1990లో ఈ భావనను వివరించారు. పనికి అర్థం ఉందనిపించడం, మనసులో మాట చెప్పినా నష్టం జరగదన్న భరోసా, పనికి తగిన శారీరక, మానసిక శక్తి ఉండటం ఇందుకు అవసరమన్నారు. 2002లో విల్మర్ షౌఫెలి బృందం ఉత్సాహం, అంకితభావం, తన్మయత్వం దీని లక్షణాలని నిర్వచించింది. ఉద్యోగ సంతృప్తి ఇందుకు భిన్నం. జీతంతో తృప్తి చెందిన వ్యక్తి పనిపట్ల ఉదాసీనంగా ఉండవచ్చు.

అంకెల్లో కనిపించేది

100 గదుల హోటల్‌ను ఉదాహరణగా తీసుకుందాం. 70 గదులు రూ.5,000 చొప్పున అమ్మితే రాబడి రూ.3.50 లక్షలు. బుకింగ్‌ల సంఖ్య పెంచేందుకు ధర తగ్గించి, 80 గదులు రూ.4,000 చొప్పున ఇస్తే రూ.3.20 లక్షలే. అందుబాటులో ఉన్న ఒక్కో గదిపై సగటు రాబడి రూ.3,500 నుంచి రూ.3,200కు పడిపోతుంది. పరిశ్రమలో ఈ సగటునే ‘రెవ్‌పార్’ అంటారు. సంఖ్యకే ప్రోత్సాహకం ఇస్తే ఉద్యోగి సంఖ్యనే చూస్తాడు. పనిలో నిమగ్నమైన ఉద్యోగి ధరను నిలబెట్టే ప్రయత్నం చేస్తాడు.

అంకెల్లో కనిపించనిది

విక్రయ ఉద్యోగి ఇచ్చిన మాటను నెరవేర్చేది వంటశాల, హౌస్‌కీపింగ్, రిసెప్షన్ సిబ్బంది. పెళ్లివారు చెప్పిన అతిథుల సంఖ్య, వంటకాల వివరాలు వారికి చేరకపోతే ఒప్పందం కుదిరినా కుటుంబం మళ్లీ రాదు. ఆ నష్టం ఈ నెల లెక్కల్లో కనిపించదు. స్పెయిన్‌లో 58 హోటల్ రిసెప్షన్లు, 56 రెస్టారెంట్లపై జరిపిన అధ్యయనం 2005లో వెలువడింది. సంస్థ కల్పించే వనరులు, సిబ్బంది నిమగ్నత మెరుగైన సేవా వాతావరణానికి, తద్వారా పనితీరుకు, వినియోగదారుల విధేయతకు దోహదపడతాయని అది తేల్చింది.

యాజమాన్యం చేయదగినవి

ఆషాఢం, మూఢం రోజుల్లో తెలుగు ప్రాంతాల్లో పెళ్లి బుకింగ్‌లు తగ్గడం ఉద్యోగి లోపం కాదు. ఏడాది లక్ష్యాన్ని 12 సమాన భాగాలుగా కాక, ముహూర్తాలను బట్టి విభజించాలి. రాయితీ ఇచ్చే అధికారానికి స్పష్టమైన పరిమితి, తిరిగి వచ్చిన ఖాతాదారులకూ గుర్తింపు, సాధ్యంకాని హామీని ముందే కాదనగలిగే స్వేచ్ఛ ఉండాలి. ఇవి లేని చోట లక్ష్యాలు పెంచితే పెరిగేది అలసటే.