చిరివేరు చిత్రము: కృష్ణాతీరమున తరుజంతులేఖనము

1795వ సంవత్సరమున లండను నగరమునందు "కోరమండల తీరపు మొక్కలు" అను మహాగ్రంథము వెలువడ నారంభించెను. గ్రంథకర్త విలియం రాక్స్‌బరో. తూర్పు ఇండియా కంపెనీ కొలువున నుండిన వైద్యుడు. ఆ గ్రంథపు తొలిపుటలలోనే యొక చిన్న మొక్క చిత్రము కలదు. సన్నని యాకులు, చిన్ని తెల్లని పూలగుత్తులు, వానికంటె పొడవుగా దిగువకు సాగిన పుల్లవంటి వేరు. చూపునకు దానియందు విశేషమేమియు లేదు. దారిప్రక్కన మొలచినచో వంగి చూచువారుండరు. అయినను టేకువంటి మహావృక్షమునకు ముందే రాక్స్‌బరో దీనికి చోటిచ్చెను. దీని సాగును, వేరు ప్రయోజనమును పుటలకొలది వివరించెను. ఇది తెలుగువారి చిరివేరు. అద్దకపువారు ఎఱ్ఱరంగు తీయునది దీని వేరునుండియే.

ఈ వేరువలన కృష్ణాముఖద్వారపు గ్రామములకు కలిగిన ప్రసిద్ధి రాక్స్‌బరోకంటె రెండు శతాబ్దములు ముందటిది. 1611లో ఆంగ్లేయుల "గ్లోబు" ఓడ పెత్తపోలిని, మచిలీపట్టణమును చేరినది ప్రధానముగా వస్త్రముల కొఱకే. పెత్తపోలి యనగా నేటి నిజాంపట్టణము. దాని పరిసరములందలి ఇసుకనేలలలో దొరకు వేరును నాటి వర్తకులు శ్రేష్ఠమైనదానిగా నెంచిరి. 1618 మొదలు 1622 వఱకు మచిలీపట్టణమున ఆంగ్లేయుల వర్తకశాల కధిపతిగా నుండిన విలియం మెథ్వోల్డు ఈ మొక్కను గూర్చి వ్రాసెను. దీని నిచ్చటివారు "చాయ" యందురనియు, ఇది సంపూర్ణమైన యెఱుపు నిచ్చుననియు, రాజు తన సొంత సరకుగా నుంచుకొనెననియు నాతడు చెప్పినాడు. గోలకొండ ప్రభువు తనదిగా నుంచుకొనదగినంత విలువ ఈ గడ్డిపోచవంటి మొక్క కుండెనన్నమాట.

వేరుండినంత మాత్రమున ఎఱుపు రాదు. నూలుబట్టను ముందుగా కరక్కాయ కషాయమునను గేదెపాలలోను నానవేసి యెండబెట్టుదురు. ఇనుపముక్కలను బెల్లపునీటిలో పులియబెట్టిన ద్రవముతో గీసిన గీత, కరక్కాయ పట్టిన బట్టమీద నల్లనగును. ఎఱుపు కావలసిన చోట పటికనీరు పూయుదురు. పటికనీటికి స్వతస్సిద్ధముగా రంగు లేదు. ఎఱుపు తేలునది తరువాత, బట్టను చిరివేరు నీటిలో కాచినప్పుడు. వేరులోని రంగు పటిక తాకినచోట నూలును విడువక పట్టుకొనును. తాకనిచోట ఉతుకులో పోవును. కావున లేఖకుడు పూవును గీయునపుడు దాని రంగు కంటి కగపడదు. ఏ రేకు ఎంత ఎఱ్ఱనగునో, ఏది లేతగా నుండవలెనో, పటికనీటి పాలును మార్చి ముందే మనసున నిర్ణయించుకొని యాతడు గీయవలెను. నీలము కావలసినచో మిగిలిన బట్టనెల్ల మైనముతో కప్పి నీలితొట్టిలో ముంచవలెను. ఇంత పని పిమ్మట పాఱునీటిలో ఉతికి యెండలో నాఱవేయగా తోట పూచును.

ఆ తోటలో చిరివేరు పూవునకు చోటు లేదు. ఎఱ్ఱని ప్రతిరేకును దాని ప్రసాదమే; దాని రూపమును మాత్రము అద్దకపువారు బట్టపై నిలుపదగినదిగా నెంచలేదు. వారు గీసినది వేఱొక చెట్టు. అది రాళ్లగుట్టపై మొలచి, మెలికలు తిరిగి, దుప్పటి నిండ వ్యాపించును. ఒకే కొమ్మకు దానిమ్మపండును, చేమంతివంటి పూవును, ఎచ్చటను లేని యాకును వ్రేలాడుచుండును. నడుమ నెమళ్లు, చిలుకలు, గుట్ట దాపున లేళ్లు. ఐరోపావర్తకులు "పలంపోరు" లని పిలిచిన ఈ దుప్పట్లు 17, 18 శతాబ్దములలో ఐరోపాధనికుల పడకగదులను నింపినవి. ఇట్టి చెట్టును వృక్షశాస్త్రజ్ఞు డెవ్వడును గుర్తింపజాలడు. కృష్ణానదీతీరమున ట్యూలిప్పు పూవు పూయదు. కార్నేషను పూవును అద్దకపువాడు చూచియుండడు. అవి పారసీకుల రుచినుండియు, ఐరోపానుండి వచ్చిన నమూనాలనుండియు బట్టమీదికి దిగినవి.

దీనిని బట్టి అద్దకపువారికి ప్రకృతిజ్ఞానము లేదని తలచినవారు కలరు. ఆ తలపు న్యాయమైనది కాదు. చెట్టును అట్లు గీయుమని కోరినది కొనువాడు. 1643లో లండనునుండి సూరతునకు వ్రాసిన యొక లేఖలో, ఎఱ్ఱని నేలగల దుప్పట్లకు గిరాకి తక్కువగా నున్నదనియు, తెల్లని నేలపై రంగురంగుల కొమ్మలును పూలును గలవాని నంపవలసినదనియు కంపెనీవారు తెలియజేసిరి. సూరతునకు వ్రాసినను ఈ కోరిక కోరమండల తీరపు మగ్గములను, కలములనుగూడ తాకినదే. అడిగినదానిని అడిగినట్లు గీయుట వృత్తిధర్మము. రంగు నిలుచుటలో, గీత జాఱకుండుటలో వాని నేర్పును చూడవలెనుగాని, కొనువాని కోరికలోని వింతను వానిపై మోపరాదు.

పైగా, ఉన్నదానిని ఉన్నట్లును లేనిదానిని ఉన్నట్లును ప్రక్కప్రక్కన చిత్రించు నలవాటు ఈ నదీతీరమున అద్దకపువారితో పుట్టినది కాదు. మచిలీపట్టణమున కెగువన అదే నదియొడ్డున అమరావతీస్తూపము నిలిచియుండెను. క్రీ.శ. 2, 3 శతాబ్దముల నాటి దాని ప్రాకారశిలలపై మొసలిమోమును చేపతోకయు గల మకరములు కలవు. ఱెక్కల సింహములు కలవు. వానితో పాటు బోధివృక్షమును కలదు. దాని యాకు తోకవలె సాగిన కొనగలదై, రావియాకేయని పల్లెటూరి పిల్లవాడు సైతము చెప్పగలట్లుండును. చెన్నపట్టణపు ప్రదర్శనశాలలో నున్న నాలాగిరిదమనశిల మఱింత ఆశ్చర్యకరము. ఒకే వలయములో ఏనుగు రెండుమారులు కానవచ్చును. ఒకచోట మదించి వీథిలో జనులను చీల్చుకొనుచు పరుగెత్తును. వేఱొకచోట బుద్ధుని పాదములకడ మోకరిల్లును. రెండింటి దేహభారము వేఱు. కోపమునను వినయమునను ఏనుగు మోకాలు ఎట్లు వంగునో చూచి తెలిసికొనినవాడు తప్ప అన్యుడు దానిని చెక్కజాలడు. మకరమును చెక్కిన యులియే ఏనుగును చెక్కినది. శిల్పి ఒకదానికి కన్నును, ఒకదానికి కథను ఆశ్రయించెను.

రాక్స్‌బరో చిత్రకారులను ఈ పూర్వరంగములో చూడవలెను. అతడు 1781 ప్రాంతమున గోదావరిమండలములోని సామర్లకోటకు వచ్చి యచ్చట మొక్కల తోటను పెంచెను. అంతకుముందే లిన్నేయసు శిష్యుడైన కోనిగు ఈ తీరమంతయు తిరిగి మొక్కలు సేకరించి, 1785లో కాకినాడయొద్ద జగన్నాథపురమున మరణించెను. కోనిగు స్థానమునకు వచ్చిన పాట్రిక్ రసెలు విశాఖపట్టణమున నుండి పాములను, చేపలను చిత్రింపించెను. 1789లో నాతడు స్వదేశమునకు మరలిపోగా ఆ పదవి రాక్స్‌బరోకు దక్కెను. కృష్ణకును గోదావరికిని నడుమ నేల యంతయు ఒక్క డెల్టావంటిదే. మొక్కలును చాలవఱ కవియే. రాక్స్‌బరో దేశీయ చిత్రకారులను జీతమిచ్చి నియమించి, తోటనుండియు అడవినుండియు తెప్పించిన కొమ్మలను వారిముందుంచి వ్రాయించెను. ఇట్లు సిద్ధమైన చిత్రములలో 500 లండనునకు పంపగా, సర్ జోసెఫ్ బ్యాంక్సు వానినుండి 300 ఎన్నుకొనెను. అవి 1795 మొదలు 1820 వఱకు మూడు సంపుటములుగా వెలువడెను. తాడి, మోదుగ, ఇప్ప, ముషిణి, చిల్ల, చిట్టియీత మొదలగు మన యెఱిగిన చెట్లే యందు బారులు తీరియున్నవి.

ఇచ్చట కోరిక తలక్రిందులైనది. దుప్పటి కొనువాడు ఒక చెట్టుకు నూఱుపూలు కోరెను. వైద్యుడు ఒక పుటకు ఒక్క మొక్కను కోరెను. ఆ మొక్కయైనను అందముకొఱకు కాదు. పూవును కోసి లోపలి కేసరములు లెక్కింపవలెను. కాయను చీల్చి గింజ యమరికను చూపవలెను. ఆ తునకలను పుట యడుగున వేఱువేఱుగా పెద్దవిచేసి నిలుపవలెను. పూవును ఇట్లు ఖండించి చూపుట ఈ దేశపు చిత్రకారునకు అలవాటైన పని కాదు. పూవు వానికి పూజాద్రవ్యము, అలంకారము. అట్టివాడు కేసరములసంఖ్య తప్పకుండ, రేకు రేకుకు గల అంచుభేదము చెడకుండ వ్రాసి చూపెను. నేర్పు క్రొత్తగా పుట్టినది కాదు, అడిగిన ప్రశ్న క్రొత్తది. మోదుగపటమున చిలుకముక్కువలె వంగిన పూమొగ్గను చూచినవారికి, ఇది విదేశీయుడు నేర్పిన చేతి గీతయని తోచదు. గ్రంథములోని పటములు లండనున రాగిఱేకులపై చెక్కబడి, అచ్చటివారిచే రంగులు వేయబడినవి. మూలమందలి సన్నని గీత వానియందు కొంత మొద్దుబాఱినదనుటయు సత్యమే.

చిత్రము క్రింద శాస్త్రనామముండును. వివరణములో తెలుగుపేరు ఉండును. ఈ విషయమున రాక్స్‌బరో మెచ్చదగినవాడు. "తెలింగులు" దీనిని ఏమందురని యడిగి వ్రాయుట అతడు మఱువలేదు. ఆ పేరులు కొన్ని శాస్త్రములోనికే ప్రవేశించినవి. మన సోమిదచెట్టు 1830లో "సోయ్‌మిడా" యను జాతినామమై యూరపు పండితుల నోట నిలిచినది. సండ్రచెట్టునకు రాక్స్‌బరోయే "సుంద్రా" యను పేరు నిచ్చెను. పాములలోను ఇట్లే జరిగినది. 1796లో రసెలు ప్రకటించిన సర్పగ్రంథములోని "బంగారుపాము" నుండి కట్లపాముల జాతికంతకు "బంగారసు" అను లాటిను పేరు వచ్చినది. ఆ గ్రంథముననే "కాటుకరేకుల పొడ" యను పేరొకటి కలదు. రక్తపింజరి యని నేడందఱు నెఱిగిన పామది. ఈ పేరు పెట్టినవాడు కలము పట్టకయే చిత్రము గీసినాడు. దాని వీపున వరుసలుగా సాగు నల్లయంచుల మచ్చలను చూచినవారికి, అంతకంటె మేలైన వర్ణన దొరకదు. 1797లో శాస్త్రజ్ఞులు దానికి రసెలు పేరు పెట్టిరి. నేటికిని లోకమంతయు దానిని రసెలుపాము గానే యెఱుగును.

ఈ పేరులను తెలుగునేలనుండి ఏరి కూర్చుటకు పూనుకొన్నవాడు వాల్టరు ఎలియటు. 1859లో చెన్నపట్టణమున ప్రకటింపబడిన "ఫ్లోరా ఆంధ్రికా" తెలుగుమండలములందలి మొక్కల దేశనామములకును శాస్త్రనామములకును పొత్తు కూర్చిన పట్టిక. ఈ ఎలియటే 1845లో అమరావతిదిబ్బను త్రవ్వించి శిలలను చెన్నపట్టణమునకు చేర్చినవాడు; అవి 1859లోనే లండనుకు తరలింపబడినవి. ఒకే సంవత్సరమున రాళ్లు దేశము దాటినవి, పేరులు పుస్తకమున నిలిచినవి. అంతకు పూర్వమే, 1816 తరువాత, కర్నలు మెకంజీ చిత్రకారులు అమరావతిశిలలను కొలిచి గీసియుండిరి. పిదప నశించిన కొన్ని శిలలకు ఆ గీతలే నేటి యాధారము.

ఇంతమంది పేరులు చెప్పుకొనునపుడు లేని పేరు స్ఫుటముగా తోచును. కోరమండలగ్రంథమున చిత్రకారుని పేరు లేదు. కర్త పేరు, ఎన్నుకొనినవాని పేరు, ప్రచురించినవాని పేరు కలవు. సోమిద పేరు నిలిచినది, సండ్ర పేరు నిలిచినది. ఆ కొమ్మను ముందిడుకొని, వాడిపోకముందే ముగింపవలెనని తొందరపడి గీసిన మనుష్యుని పేరు నిలువలేదు. పలంపోరుపై సంతకము లేకుండుట వింత కాదు. అది పలువురి చేతుల పని, అంగడిసరకు. శాస్త్రగ్రంథము మాటయట్లు కాదు. ఎవ్వడు ఎచ్చట ఎప్పుడు చూచెనో చెప్పుటయే దాని ప్రాణము. పూవును మొదట చూచిన కన్నుకంటె దానిని వర్ణించిన కలమునకే సాక్ష్యపు విలువ నిచ్చుట ఆ శాస్త్రమునకు తన నియమము ననుసరించియే తప్పు. రాక్స్‌బరో వ్రాయించిన మూలచిత్రములు రెండువేల అయిదువందలకు మించి కలకత్తా వృక్షోద్యానమునను, లండనుదాపునగల క్యూ ఉద్యానమునను భద్రముగా నున్నవి.

చిరివేరు గతి వేఱొక త్రోవన సాగెను. 1868లో గ్రేబె, లీబర్‌మను అను జర్మను రసాయనవేత్తలు ఎఱ్ఱరంగునకు మూలమైన అలిజరినును కృత్రిమముగా తయారుచేయు మార్గము కనిపెట్టిరి. కొన్నియేండ్లలో ఆ పొడి ఓడలపై ఈ తీరమునకు దిగెను. రోజులకొలది వేరు త్రవ్వి, యెండబెట్టి, దంచి కాచు శ్రమ యెవ్వరికి కావలెను? పెడనలోను మచిలీపట్టణములోను టేకుచెక్క అచ్చులతో అద్దకము నిలిచినది. వేరు త్రవ్వు కుటుంబముల పని నిలువలేదు. బెజవాడదాపున కొండపల్లి బొమ్మలవారి పొణికిచెట్టును ఈ చిరివేరువంటిదే. ఆ తేలికకఱ్ఱనుండి అంబారీయేనుగు, చిలుక, తాడియెక్కు గీతకాడు పుట్టుదురు గాని, పొణికిచెట్టు బొమ్మ మాత్రము వారి యంగళ్లలో కానరాదు.

తూర్పుతీరపు ఇసుకపఱ్ఱలలో చిరివేరు నేటికిని తనంతట మొలచుచున్నది. సాగుచేసినదానికంటె ఇట్లు తానై మొలచినదాని వేరు పొట్టిదయ్యు రంగు ఎక్కువ గలదని రాక్స్‌బరో కాలపువారు చెప్పుకొనెడివారు.