ఉక్రెయిన్ నిర్వాసితులకు తాత్కాలిక రక్షణ: ఆ చట్టం ఏమిస్తుంది, ఏమివ్వదు

యుద్ధం వల్ల ఉక్రెయిన్ వదిలి యూరప్ దేశాలకు చేరినవారిని మేము ఈ పేజీలో శరణార్థులు అనే రాస్తూ వచ్చాం. వాడుకలో అది తప్పు కాదు. చట్టం దృష్టిలో మాత్రం వారిలో అత్యధికులు శరణార్థులు కారు. వారికి ఉన్నది తాత్కాలిక రక్షణ. ఈ తేడా మీదే లక్షలాది తల్లుల, పిల్లల రేపటి రోజు ఆధారపడి ఉంది కాబట్టి కాస్త వివరంగా చెప్పుకుందాం.

శరణార్థి హోదా కోరేవారు ఎవరికి వారు దరఖాస్తు పెట్టుకోవాలి. స్వదేశంలో తమకు ఏ కారణంగా ప్రాణభయం ఉందో అధికారుల ముందు చెప్పుకోవాలి. నిర్ణయం రావడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. 1990లలో బోస్నియా, కొసోవో యుద్ధాల నుంచి జనం ఒక్కసారిగా తరలివచ్చినప్పుడు ఈ పద్ధతి చాలదని తేలింది. అందుకే యూరోపియన్ యూనియన్ 2001లో ఒక చట్టం చేసుకుంది. ఫలానా దేశం నుంచి ఫలానా తేదీ తర్వాత వచ్చినవారందరికీ విడివిడి విచారణ లేకుండా ఒకేసారి రక్షణ ఇవ్వవచ్చన్నది దాని సారం.

చట్టమైతే చేశారు గాని, ఇరవై ఏళ్లపాటు దాన్ని ఒక్కసారీ వాడలేదు. 2015లో సిరియా నుంచి లక్షలమంది వచ్చినప్పుడు కూడా వాడలేదు. అది మమ్మల్ని ఇప్పటికీ కలవరపెడుతుంది. అదే 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద పూర్తిస్థాయి దాడికి దిగితే, మార్చి 4కల్లా ఈ చట్టాన్ని అమల్లో పెట్టారు. ఎనిమిదే రోజులు!

అలా దక్కినవి చిన్నవి కావు: నివాస పత్రం, పని చేసుకునే హక్కు, పిల్లలకు బడి, వైద్యం, అవసరమైనవారికి వసతి, భృతి. 40 లక్షలకు పైగా మంది దీని నీడలో తలదాచుకున్నారు. జర్మనీ, పోలండ్, చెక్ రిపబ్లిక్‌లలో వీరి సంఖ్య ఎక్కువ. 18 నుంచి 60 ఏళ్ల మగవారు దేశం దాటకుండా ఉక్రెయిన్ అప్పట్లో ఆంక్ష పెట్టింది కాబట్టి, వచ్చినవారిలో పెద్దభాగం స్త్రీలు, పిల్లలే.

అక్కడ వైద్యం చదువుతుండిన మన తెలుగు పిల్లల సంగతి వేరు. సరిహద్దులు దాటి ఆపరేషన్ గంగా విమానాల్లో ఇంటికి చేరుకున్నారు. క్షేమంగా స్వదేశానికి వెళ్లగలిగిన విదేశీయులను ఈ చట్టం తప్పనిసరిగా కాపాడదు. చదువు కోసం కొన్నాళ్లు ఉన్నవారిని చేర్చుకోవడం ఆయా దేశాల ఇష్టం. నెదర్లాండ్స్ మొదట ఇతర దేశాలవారిలో కొందరిని చేర్చుకుని తర్వాత మానుకుంది. అలా మానుకోవచ్చని 2024 డిసెంబరులో యూరోపియన్ న్యాయస్థానం చెప్పింది.

అసలు చిక్కు గడువు దగ్గర ఉంది. చట్టంలో రాసుకున్న లెక్క ప్రకారం ఈ రక్షణ మూడేళ్లు. యుద్ధం ఆగలేదు కాబట్టి పొడిగిస్తూ పోయి, 2025లో దాన్ని 2027 మార్చి 4 దాకా తెచ్చారు. 2022లో ఒకటో తరగతిలో చేరిన పిల్ల అప్పటికి ఐదో తరగతిలో ఉంటుంది. ఐదేళ్లు చట్టబద్ధంగా నివసించిన విదేశీయులకు దీర్ఘకాల నివాస హక్కునిచ్చే చట్టం యూరోపియన్ యూనియన్‌లో మరొకటి ఉంది. అయితే తాత్కాలిక రక్షణలో ఉన్నవారికి అది వర్తించదు. 

శరణార్థి హోదాకు దరఖాస్తు పెట్టుకునే హక్కు వారికి ఎప్పుడూ ఉంటుంది, కానీ ఆ వరుస పొడవు ముందే చెప్పాం. 2025 సెప్టెంబరులో యూరోపియన్ యూనియన్ తన సభ్యదేశాలకు ఒక సిఫారసు చేసింది: వీరిని పని, చదువు, కుటుంబం ఆధారంగా ఇచ్చే మామూలు అనుమతుల్లోకి మార్చండి, తిరిగి వెళ్లదలచినవారికి దారి సిద్ధం చేయండి అని. ఉద్యోగమున్న యువతికి ఇది మేలే. ఆమె వెంట వచ్చిన ముసలి తల్లికి, పని చేయలేని తమ్ముడికి ఏ పేరున పత్రం ఇస్తారు? చెక్ రిపబ్లిక్ ప్రత్యేక దీర్ఘకాల అనుమతి ఒకటి తెచ్చింది గాని, దానికి ఆదాయం షరతు పెట్టింది.