గొట్టంలో మూడు పొరలు

పాతపట్నం బజారు, పొద్దున్న ఏడున్నర. ల్యాబు షట్టరు సగమే లేచింది, వంగి లోపలికి రండి. పరగడుపున వచ్చిన షుగరు పేషెంట్లు ముగ్గురు, ఒళ్లో పిల్లతో ఓ బాలింత, గోడ వారగా ముప్పై తొమ్మిదేళ్ల మనిషి. బయట ఆటోవాడు "పర్లాకిమిడి, పర్లాకిమిడి" అని కేకేస్తున్నాడు. గోడ పక్క కుర్చీ ఖాళీగా ఉంది, కూర్చోండి. ఈ మనిషికి నేను పేరు పెట్టడం లేదు. ఇలాంటి నాలుగిళ్ల సంగతులు కలిపి కూర్చిన ఇల్లు ఈయనది.

ఈయన ఒంట్లో ఏ బాధా లేదు. రావడానికి వెనకాడింది అందుకే. జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీస్తాడు. విశాఖలో జెనెటిక్స్ డాక్టరు గీసిచ్చిన వంశవృక్షం అది. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా. జబ్బు చేసినవాళ్లకు లోపలంతా నలుపు, పోయినవాళ్ల మీద అడ్డగీత. నల్లబడ్డవి మూడున్నాయి. తండ్రి 48 ఏళ్లకే పోయాడు, పేగులో గడ్డ. తండ్రికి అక్క, పర్లాకిమిడిలో ఇచ్చిన మేనత్త, గర్భసంచి కాన్సరుతో పోయింది. మూడోది అన్న. ఆయనకు 43. విశాఖలో పెద్దపేగు ఆపరేషనై ఇంట్లో కోలుకుంటున్నాడు.

"నాన్నకి మొలలనుకున్నామండి," అంటాడు, మీరు అడక్కుండానే. "రక్తం పడితే పసరు మందు పోసీవోరు. అత్తకి ఆడోళ్ల జబ్బన్నారు. రెండూ ఒకటేనని మాకేటి తెలుస్తాది?"

తెలియకపోవడానికి ఏరూ ఒక కారణం. మహేంద్రతనయకు ఇటు పాతపట్నం, అటు పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడిగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం మద్రాసు కింద ఉండిపోయింది. మ్యాపులో గీత పడింది గానీ వియ్యాలు ఆగలేదు. జబ్బు చేస్తే మాత్రం తండ్రిని విశాఖ తీసుకెళ్లారు, మేనత్తను బరంపురం. ఆ రెండు ఫైళ్లూ ఒక బల్ల మీద పెట్టి చూసిన డాక్టరు లేడు. మొన్న ఈ కాగితం గీసేదాకా ఆ ముగ్గురూ ఒకచోట చేరలేదు.

"సెయ్యి ముయ్యన్నా. గట్టిగా." ల్యాబు కుర్రాడు రబ్బరు పట్టీ బిగించి, మోచేతి మడతలో నరం కోసం వేలితో తడుముతాడు. సూది దిగింది. ఊదా మూత గొట్టాలు రెండు నిండాయి, పసుపు మూతది ఒకటి.

"ఇన్నేటి బాబూ?"

"ఒకటి ఇక్కడ కౌంటుకన్నా. ఒకటి హైదరాబాదు ఎల్తాది. పసుపుది సీఈఏకి."

ఊదా మూత గొట్టంలో ఈడీటీఏ అనే మందు పూత ఉంటుంది, రక్తం గడ్డకట్టనివ్వదు. కుర్రాడు రెంటినీ మెల్లగా తలకిందులు చేస్తూ కలిపాడు. మొదటిదాన్ని కౌంటు యంత్రానికి చూపించి, మిగిలిన రక్తాన్ని మీ కోసం సెంట్రిఫ్యూజ్‌లో పెట్టాడు. మూత పడింది, గుయ్యిమంటూ తిరిగింది. ఇప్పుడు గొట్టాన్ని వెలుగుకి ఎత్తి పట్టుకోండి. అడుగున చిక్కటి ఎరుపు. పైన సగానికి పైగా లేత పసుపు ద్రవం. రెంటి మధ్యా గోటి మందం కూడా లేని తెల్లటి చార. పేగు కాన్సరు గురించి ఈ మూడు పొరలూ మూడు రకాల సంగతులు చెబుతాయి.

అడుగు నుంచి మొదలుపెడదాం. ఎర్రకణాలు. యంత్రం చీటీ కక్కింది: హిమోగ్లోబిన్ 14.2. బాగుంది. అన్నకు రెండేళ్ల కిందట 8.6 ఉండేది. ఐరన్ బిళ్లలు మింగితే కాస్త పెరిగి మళ్లీ పడింది. పెద్దపేగు కుడివైపు గడ్డ పెరిగితే రక్తం చుక్కచుక్కగా కారి మలంలో కలిసిపోతుంది, కంటికి కనబడదు. మనిషికి తెలిసేది నీరసమే. మన వైపు రక్తం తగ్గడానికి కారణాలకు కొదవలేదు: కొంకి పురుగులు, చాలని తిండి, ఏజెన్సీ పల్లెల్లో సికిల్ సెల్. ఆ గుంపులో ఇదీ దాక్కుంటుంది. మగవాడికి గానీ ముట్లుడిగిన ఆడమనిషికి గానీ ఒంట్లో ఇనుము తగ్గిందంటే, బిళ్లలు ఇవ్వడంతో సరిపెట్టకుండా అది ఎటు పోతోందో వెతకాలి. ఇంటింటికీ వచ్చే ప్రభుత్వ కాన్సరు పరీక్షల్లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి, పేగు లేదు. అందుకే ఇక్కడ కౌంటు చీటీకి అంత విలువ. అయితే 14.2 చూసి ఈయన గండం గడిచిందనుకోకండి. కారే గడ్డ లేదనడానికి కూడా అది పూర్తి సాక్ష్యం కాదు, ఇక రేపటి ముప్పు సంగతి దానికి అసలే తెలియదు.

పైన పసుపు ద్రవం ప్లాస్మా. పసుపు మూత గొట్టంలో తేరేది దాదాపు ఇలాంటిదే, సీరం. పేగు కాన్సరులో పెరిగే సీఈఏ అనే ప్రొటీనును అందులో కొలుస్తారు. 1965లో మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ దాన్ని కనిపెట్టారు. చుట్ట, బీడీ కాల్చేవాళ్లలో కాన్సరు లేకున్నా అది పెరుగుతుంది. చిన్న గడ్డ ఉన్నా చాలామందిలో పెరగదు. అందుకే ఆపరేషన్ తర్వాత జబ్బు తిరగబెడుతోందా అని అన్నలో చూడ్డానికి పనికొస్తుంది గానీ, తమ్ముడిలో కొత్తగా వెతకడానికి కాదు. ప్లాస్మాలో ఇంకొకటి తేలుతూ ఉంటుంది: చచ్చిన కణాలు వదిలిన డీఎన్ఏ తునకలు. గడ్డ తునకలూ అందులో ఉంటాయి. వాటిని పట్టే షీల్డ్ అనే రక్తపరీక్షకు 2024 జూలైలో అమెరికా అనుమతి ఇచ్చింది. కాన్సరు ఉన్న వందమందిలో 83 మందిని పట్టుకుంది. కాన్సరుగా మారబోయే ముదురు పిలకల దగ్గరకొస్తే మాత్రం వందకు 13 మందినే. పైగా అది మామూలు ముప్పు ఉన్నవాళ్ల కోసం చేసిన పరీక్ష. ఈయన కాగితం మీద మూడు నల్లటి గుర్తులున్నాయి.

మిగిలింది ఆ తెల్లచార. ఎర్రకణాల్లో కేంద్రకం ఉండదు, కాబట్టి పుట్టుకతో వచ్చిన జన్యువులు చదవాలంటే తెల్లకణాలే దిక్కు. కణం రెండుగా చీలేముందు డీఎన్ఏ నకలు తయారవుతుంది. అందులో అచ్చుతప్పులు దొర్లితే దిద్దే ప్రొటీన్లు కొన్ని ఉన్నాయి. వాటిని తయారుచేసే జన్యువులు ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2. వీటిలో ఒకటి చెడి పుడితే లించ్ సిండ్రోమ్. అన్న గడ్డ ముక్కకు రంగులద్ది చూసినప్పుడు ఎంఎస్‌హెచ్2 ప్రొటీను కనబడలేదు. అన్న రక్తం చదివితే ఆ జన్యువులో తప్పు దొరికింది. అది ఎక్కడుందో తెలిసింది కాబట్టి తమ్ముడి రక్తంలో ఆ ఒక్క చోటు చూస్తే చాలు. ఉంటే డెబ్బై ఐదేళ్లలోపు పేగు కాన్సరు వచ్చే ముప్పు దాదాపు సగానికి సగం. ఆడవాళ్లకైతే గర్భసంచి కాన్సరు ముప్పూ ఇంచుమించు అంతే. మేనత్త జబ్బు, తండ్రి జబ్బు ఒక్కటవడం ఇక్కడే.

ఈ జబ్బు సంగతి బయటపడింది ఇంట్లో చెప్పుకునే మాటతోనే. 1895లో అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయ డాక్టరు ఆల్డ్రెడ్ వార్థిన్‌తో ఒక కుట్టుపని ఆవిడ, మా ఇంట్లో అందరూ పేగు, గర్భసంచి జబ్బులతోనే పోతున్నారు, నేనూ అలాగే పోతానంది. అన్నట్టే పోయింది. ఆ వంశం లెక్కను ఆయన 1913లో ప్రచురించాడు. 1966లో హెన్రీ లించ్ ఇలాంటి కుటుంబాలను మళ్లీ పట్టుకున్నాడు. జన్యువులు చేతికి చిక్కింది 1990ల్లో. అలాగని చిన్నవయసులో వచ్చే ప్రతి పేగు కాన్సరూ వంశానిది కాదు. హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థలో మురళీధరన్ భాష్యం బృందం మన దేశపు రోగుల గడ్డలు పరీక్షించి, చిన్నవయసువాళ్లలో చాలామందికి పుస్తకాల్లో ఉన్న మామూలు దారులు కనబడలేదని 2014లో రాసింది.

"ఉందని తేల్తే ఏటి సేస్తారంట?" అని కుర్రాడు అడిగాడు.

"ఏడాదికో రెండేళ్లకో కెమెరా పరీక్షంట. పిలక కనబడితే అప్పుడే తీసీస్తారంట."

కెమెరా పరీక్షకు, అంటే కొలనోస్కోపీకి, ఉన్న బలం అదే. రక్తపరీక్ష చెప్పడం వరకే, ఇది జబ్బు కాకముందే కోసేస్తుంది. ఆస్పిరిన్ కూడా ఉంది. లించ్ ఉన్న 861 మందితో జరిగిన క్యాప్2 అధ్యయనంలో రోజుకు 600 మిల్లీగ్రాములు రెండేళ్లు వాడినవాళ్లలో, తర్వాతి ఏళ్లలో పేగు కాన్సర్లు తగ్గాయి. కడుపులో రక్తస్రావం భయం ఉంది కాబట్టి డాక్టరు చెబితేనే మింగాలి.

ఈయన చూపు కాగితం మీద మేనత్త సున్నా కింద ఆగింది. అక్కడ ఆమె కొడుకు, వరసకు బావ. ఆ కింద బావ కొడుకు. ఇటు ఈయన కూతురు. ఆ పిల్లలిద్దరికీ పెళ్లని చిన్నప్పటి నుంచీ ఇంట్లో అనుకుంటున్నారు. డాక్టరు అక్కడ పెన్సిలుతో చుక్కల గీత గీసింది. ఇద్దరిలోనూ ఆ తప్పే ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ రెండు నకళ్లూ చెడిపోయే అవకాశం నాలుగింట ఒకటి. అలాంటి పిల్లలకు పసితనంలోనే మెదడు, రక్తం, పేగు కాన్సర్లు వస్తాయి. మేనరికం వద్దని ఆమె అనలేదు. ముందు ఎవరిలో ఉందో తెలుసుకోండి అంది.

"ఇంకో మాట కూడా సెప్పిందండి," అంటాడాయన. "నాకు లేదని వచ్చినా బావకి ఉండొచ్చంట. అత్త నుంచి సగం అవకాశం. నా రిజల్టు కోసం ఆగక్కర్లేదంది."

"మరి సెప్పీసినారా?"

"పిల్లకి సంబంధం సెడిపోద్దని మా అమ్మ వద్దంది."

హైదరాబాదు గొట్టాన్ని కుర్రాడు చల్లటి డబ్బాలో సర్దాడు. పైన అంటించిన కాగితంలో ఒకే పేరు ఉంది. ఏటి అవతల వాళ్లకు ఆ డబ్బా ఏమీ చెప్పదు. ఆయన బయటికొచ్చి అరుగు మీద నిలబడి ఫోను తీశాడు.

"బావా, పాతపట్నం నుంచే. అత్త ఆపరేషను కాయితాలు ఇంట్లో ఉన్నాయేటి? ఉంటే పట్టుకుని ఆదివారం రా. లేకపోనా రా. నీ రక్తం కూడా తీయించాలి, ఎందుకో వచ్చాక సెప్తాను. కాదులే, ఇప్పుడే సెప్తాను, విను."