వాయుగుండం కబురు - చెప్పినవారూ, విన్నవారూ

శీతకాలపు తుపాను అనగానే ఐరోపా, అమెరికా వాసులకు మంచుగాలి తలపుకు వస్తుంది. మన తెలుగుతీరానికి మంచు లేదు గాని ఆ కాలపు తుపాను మాత్రం ఉంది. ఈశాన్య ఋతుపవనం వీచే ఆశ్వయుజ, కార్తీక, మార్గశిర మాసాలలో బంగాళాఖాతంలో పుట్టి మన మీదికి వచ్చే గాలివానలే మన శీతకాలపు తుపానులు. బందరును ముంచిన 1864 నాటి ఉప్పెన నవంబరు 1న వచ్చింది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. కోనసీమ తుపాను 1996 నవంబరు 6న. బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ 2023 డిసెంబరు 5న. ఈ తుపానుల గురించి వ్రాసిన వ్రాతలు చాలా ఉన్నాయి. "తుపాను రాబోతున్నది" అని ముందుగా చెప్పిన మాటను మన జనం ఎలా విన్నారు, విని ఏమి చేశారు అన్న చరిత్ర మాత్రం అంతగా వ్రాయబడలేదు. దానిని స్థూలంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రాబోయే వానను ముందుగా చెప్పడం మనకు కొత్త విద్య కాదు. వరాహమిహిరుని బృహత్సంహితలో మేఘగర్భ లక్షణాలకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. మార్గశిరం మొదలుకొని మేఘం గర్భం ధరించే చిహ్నాలను గమనిస్తూ ఉండాలనీ, గర్భం నిలిచిన 195 దినాలకు వర్షం కురుస్తుందనీ ఆయన చెప్పాడు. పాత్రలో పడిన నీటిని ఆఢకం, ద్రోణం లెక్కన కొలవడం కూడ అందులో ఉంది. ఆ సంప్రదాయమే ఉగాదినాటి పంచాంగశ్రవణంలో మనకు మిగిలింది. మేఘాధిపతి ఎవరు, వర్షం ఎన్ని కుంచాలు, అందులో సముద్రం మీద ఎన్ని పాళ్ళు, పర్వతాల మీద ఎన్ని, భూమి మీద ఎన్ని అని పంతులుగారు చదువుతారు, ఊరు వింటుంది. ఆ వినడమే ఫలం. పంచాంగంలో చెప్పిన వాన కోసం ఇల్లు ఖాళీ చేసి వెళ్ళినవాడు లేడు. పంచాంగం తప్పినా ఎవరూ నిలదీయలేదు, దైవాధీనం అనుకున్నారు. ముందుమాటను వినడం మనకు అలవాటే. విని కదలడం మాత్రం కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది.

రక్తాక్షి నామ సంవత్సరంలో, అనగా 1864లో, బందరు ఉప్పెనకు సుమారు 30,000 మంది మరణించారని లెక్క. ఆ ఏడాదే అక్టోబరులో కలకత్తాను మరొక పెనుతుపాను ముంచింది. ఆ దెబ్బకు 1865లో కలకత్తా రేవులో ఓడలకు తుపాను హెచ్చరికలు ఇచ్చే ఏర్పాటు మొదలైంది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. గమనించవలసినది ఏమంటే, ఈ ఏర్పాటు మొదట ఓడల కోసం పుట్టింది. తీరంలో గుడిసె వేసుకొని ఉన్న మనిషి కోసం కాదు, లోతట్టున పైరు వేసుకొన్న రైతు కోసం అసలే కాదు. ఆ పుట్టుక గుర్తు నూరేళ్ళు దాటినా హెచ్చరికల భాషలో చెరగలేదు.

ఇక్కడ మాటల ముచ్చట కొంత చెప్పుకోవాలి. ఇంగ్లీషులోని సైక్లోన్ అనే పదాన్ని 1848లో కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ కల్పించాడు. పాము చుట్టను తలపించే గ్రీకు మాట దానికి మూలం. మనం తుపాను అనే మాటను పారశీకం మీదుగా తెచ్చుకొన్నాం. వాయుగుండం మాత్రం మన నుడికారంలో చక్కగా ఒదిగింది. ఏటిలో సుడిగుండం ఎరిగిన వానికి గాలిలో గుండం చెప్పకుండానే అర్థమవుతుంది. అందుకే మా గుంటూరు సీమ పల్లెలలో "గుండం పట్టిందట" అనే మాట సహజంగా వినబడుతుంది. అల్పపీడనం అనే మాటకు ఆ భాగ్యం పూర్తిగా దక్కలేదు. అల్పం అంటే కొంచెమే కదా అని తేలికపడే శ్రోతలు ఉన్నారు. పీడనం తక్కువైన కొద్దీ గాలి ఉద్ధృతమవుతుందని ఆ మాట ఒక్కటే వింటే ఎలా తెలుస్తుంది?

మాటలకంటె అంకెల గతి మరీ చిత్రమైనది. "మచిలీపట్నం రేవులో ఎనిమిదవ నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారు" అని వార్తలలో వినగానే, ఏడుకంటె ఎనిమిది పెద్దది, ఎనిమిదికంటె తొమ్మిది పెద్దది అని లెక్క వేసుకొంటాం. మొత్తం 11 సూచికలు. 1, 2 నంబర్లు దూరాన ఉన్న తుపానుకు, 3, 4 రేవుకు కలగగల ఇబ్బందికి, 5, 6, 7 ప్రమాదానికి, 8, 9, 10 మహాప్రమాదానికి గుర్తులు. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. అయితే 8, 9, 10 నంబర్ల మధ్య తేడా తీవ్రతది కాదు, దిక్కుది. తుపాను రేవును తనకు ఎడమవైపు ఉంచి సాగుతుందంటే 8, కుడివైపు ఉంచి సాగుతుందంటే 9, రేవు మీదుగానో మిక్కిలి దగ్గరగానో పోతుందంటే 10. 5, 6, 7 నంబర్లకూ ఇదే వరుస. ఓడ నడిపేవానికి దిక్కే ప్రధానం కనుక ఆ ఏర్పాటు అతనికి సరిపోయింది. పత్రిక చదివే మనకు అది మెట్లవరుసగా కనబడింది.

దిక్కు ఎంత ముఖ్యమో పింగళ నామ సంవత్సర కార్తీకంలో తెలిసింది. 1977 నవంబరు 19, శనివారం నాటి తుపాను చీరాల ప్రాంతంలో తీరం దాటింది. అయితే సముద్రం విరుచుకుపడినది దానికి కుడివైపున ఉన్న దివిసీమ మీద. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారపు ముల్లుకు ఎదురుదిశగా తిరుగుతుంది. అందువల్ల తీరాన్ని తాకే తుపానుకు కుడివైపున గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది, ఎడమవైపున నేల మీది నుండి సముద్రం మీదికి వీస్తుంది. ఆ రోజున సుమారు 5 మీటర్ల ఎత్తున నీరు లేచింది. సర్కారు లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది పోయారు. ఇంకా చాలా ఎక్కువ అన్నవారూ ఉన్నారు.

హెచ్చరిక లేక ఇంతమంది పోయారని కొందరు అంటారు. అది పూర్తి నిజం కాదు. ఆకాశవాణి చెప్పింది. అయితే రేడియో ఉన్న ఇళ్ళెన్ని? ఉన్నవారు విన్నది "పెనుగాలి, భారీ వర్షం" అనే మాటలు. గాలికి తలుపు బిగించుకోవాలి, వానకు కప్పు కింద ఉండాలి. తరతరాల అనుభవం నేర్పినది అదే. తాటిచెట్టు ఎత్తున నీరు వస్తుందంటే ఇంట్లో ఉండడమే మృత్యువు. ఆ తేడాను చెప్పే మాట ప్రజలకు చేరలేదు. చేరినా ఎక్కడికి పోవాలి? ఎక్కి నిలబడడానికి మిట్ట లేదు, మేడ లేదు, బస్సు రాలేదు. విన్నవాడు కదలలేదని నిందించే ముందు, కదలడానికి అతనికి చోటు చూపామా అని అడగాలి.

ఆ తరువాత చరిత్ర ఈ ప్రశ్నకు జవాబు చెబుతుంది. 1979 మే నెలలో నెల్లూరు, ప్రకాశం తీరాన్ని తాకిన తుపానుకు ముందు లక్షల మందిని తరలించారు. సుమారు 700 మంది మరణించారు. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తాకిన పెనుతుపాను బలంలో 1977 దానికి తీసిపోయేది కాదు. మృతులు 967 మంది. పదమూడేళ్ళలో మన జనం స్వభావం మారిపోలేదు. హెచ్చరికతో పాటు లారీ వచ్చింది, తహసీలుదారు వచ్చాడు, తుపాను షెల్టరు వెలిసింది. ఒరిస్సాలోనూ ఇదే కథ. 1999 మహాతుపానుకు అక్కడ సుమారు 10,000 మంది పోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ వచ్చినప్పుడు ముందుగానే దాదాపు 10 లక్షల మందిని తరలించగా మరణాలు పదుల సంఖ్యకు దిగాయి.

ప్రాణాల విషయంలో పాఠం నేర్చుకొన్నాం. నమ్మకం విషయంలో మరొక చిక్కు ఉన్నది. అదే 2013లో నవంబరు 22న హెలెన్ మచిలీపట్నం దగ్గర దాటింది. ఆ వెనుకనే లెహర్ అనే అతితీవ్ర తుపాను వస్తున్నదని గగ్గోలు పుట్టింది. తీరా 28వ తేదీకి అది సముద్రంలోనే బలం కోల్పోయి ఉత్త వాయుగుండంగా మచిలీపట్నం దగ్గర ఒడ్డెక్కింది. 2021 డిసెంబరులో జవాద్ కూడ తీరానికి రాకముందే నీరసించింది. ఇటువంటప్పుడు జనం "నాన్నా పులి" కథ చెబుతారు. ఆ ఉపమానం ఇక్కడ పొసగదని నా అభిప్రాయం. కథలో పిల్లవాడు లేని పులిని చూపి పరిహాసమాడాడు. ఇక్కడ పులి ఉన్నది, ఊరివైపు అడుగులు వేసింది, దారిలో వెనుదిరిగింది. పులి వెనుదిరిగితే ఊరంతా సంతోషించాలి గాని కేక వేసినవాడిని తిట్టకూడదు. తుపాను దారిని ఒకరోజు ముందు చెప్పినా నేటికీ పదుల కిలోమీటర్ల తేడా రావచ్చు. గాలివాటాన్ని బట్టి బలం మారవచ్చు. "రావచ్చు" అన్న మాటలో "రాకపోవచ్చు" కూడ ఉన్నది. దానిని మోసంగా భావించడం మనం బడిలోనే మాన్పించవలసిన అలవాటు.

అయితే రైతు దగ్గర ఈ వాదం అంత తేలికగా చెల్లదు. నల్లపాడు చుట్టుపట్ల పొలాలను చూడండి. సముద్రం చాలా దూరం, ఉప్పెన భయం లేదు. "సురక్షిత ప్రాంతాలకు తరలండి" అన్న మాట ఇక్కడివారికి వర్తించదు. కాని నవంబరు, డిసెంబరు నెలల్లో ఈ నల్లరేగడిలో పత్తి పగిలి ఉంటుంది, మిరప పూతా కాయా మీద ఉంటుంది. దిగువన డెల్టాలో వరి కోతకు వచ్చి ఉంటుంది. ఇవేవీ లారీ ఎక్కవు. రెండు దినాలు ముసురు పట్టి నీరు నిలిస్తే మిరపవేరుకు ఊపిరాడక తోట వడలిపోతుంది. తడిసిన పత్తి రంగు మారుతుంది. కబురు వినగానే అందరూ ఒక్కసారే పత్తితీతకు పూనుకొంటే కూలి ధర పెరుగుతుంది, ఆ ధర ఇస్తామన్నా మనుషులు దొరకరు. కోసిన వరి పనల మీద తడిస్తే మొలకెత్తుతుంది, కోయకుంటే గాలికి నేల వాలుతుంది. తొందరపడి పచ్చిగా నూర్చి అమ్మబోతే ధాన్యంలో తేమ 17 శాతం, పత్తిలో 12 శాతం మించకూడదని కొనుగోలు కేంద్రం నిబంధన అడ్డు వస్తుంది. కనుక రాని తుపాను కూడ రైతుకు ఖర్చే. తీరవాసి ఒక రాత్రి షెల్టరులో పడుకొని తిరిగి వస్తాడు. ఇతడు ధర కోల్పోతాడు. ఇతని అనుమానానికి మూఢత్వమని పేరు పెట్టడం న్యాయం కాదు.

మిచాంగ్ దీనికి సాక్ష్యం. అది ఏ ప్రాంతంలో తీరం దాటుతుందో ముందే చెప్పారు, అక్కడే దాటింది. గాలి గంటకు 90 నుండి 100 కిలోమీటర్లు వీచింది. హెచ్చరిక ఫలించింది, ప్రాణాలు దక్కాయి. పైరు మాత్రం గుంటూరు, బాపట్ల, ప్రకాశం జిల్లాలలో నీళ్ళలో నిలిచింది. చెప్పినవారి తప్పు లేదు, విన్నవారి తప్పూ లేదు. విన్న మాటతో చేయగల పని లేకపోయింది.

ఇప్పుడు జిల్లాల వారీగా పసుపు, నారింజ, ఎరుపు రంగులలో వానహెచ్చరికలు వస్తున్నాయి, సెల్ ఫోనులోనే సందేశాలు వస్తున్నాయి. మంచిదే. 1977 తరువాత తీరానికి షెల్టరు కట్టినట్లే మెట్ట పైరుకూ ఒక షెల్టరు కట్టాలి. తడవని గిడ్డంగి, ఆరబెట్టే యంత్రం, అద్దెకు దొరికే టార్పాలిన్ పట్టాలు, నీరు పోయే మురుగుకాలువ, తుపాను దినాలలో తేమ నిబంధనకు సడలింపు. ఇవి ఉంటే హెచ్చరిక వినడానికి రైతుకు కారణం ఉంటుంది. నమ్మకం ఉపన్యాసాలతో పుట్టదు, విని చేసిన పని నాలుగుసార్లు ఫలిస్తే పుడుతుంది.

చదువరులకు ఒక మనవి. రేడియో రాకముందు, వచ్చిన తరువాత, మీ ఊళ్ళలో గుండం కబురు ఎవరు తెచ్చేవారో, విన్న పెద్దలు మొదట ఏ పని చేసేవారో తెలిసినవారు తప్పక వ్రాయగలరు. పశువుల పలుపులు విప్పేవారా, గాదె మీద గడ్డి కప్పేవారా, దేవుడికి దండం పెట్టి ఊరకుండేవారా? ఆ జ్ఞాపకాలు గలవారు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఉప్పెనల మృతుల లెక్కలు సర్కారు పుస్తకాలలో భద్రంగానే ఉంటాయి. ఈ వివరాలు మాత్రం మనం వ్రాసుకొంటేనే మిగులుతాయి.