తుక్కులో దాగిన ముప్పును పట్టించే సోడియం అయొడైడ్

భిలాయి (ఛత్తీస్‌గఢ్): 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన భిలాయి వంటి ఉక్కు కర్మాగారాల్లో కరిగిన ఇనుముతో పాటు తుక్కునూ కన్వర్టర్‌లో వేస్తారు. అందులో రేడియోధార్మిక కొబాల్ట్-60 దాగి ఉంటే ఉక్కులో కలిసిపోతుంది. ఆపై వేరు చేయడం దాదాపు అసాధ్యం. 2010లో ఢిల్లీలోని మాయాపురి తుక్కు మార్కెట్‌కు చేరిన కొబాల్ట్-60 ఒకరి ప్రాణం తీసింది.

తుక్కు కరగక ముందే దీన్ని గుర్తించే పరికరాల్లో విరివిగా వాడేది సోడియం అయొడైడ్ స్ఫటికం. నిర్మాణంలో ఇది వంటింటి ఉప్పుకు తోబుట్టువే: ఘనాకార జాలకంలో ప్రతి సోడియం అయాన్ చుట్టూ ఆరు అయొడైడ్ అయాన్లు, ప్రతి అయొడైడ్ చుట్టూ ఆరు సోడియం అయాన్లు ఉంటాయి. ద్రవీభవన స్థానం 661 డిగ్రీల సెల్సియస్. సాంద్రత ఘన సెంటీమీటరుకు 3.67 గ్రాములు. పరమాణు సంఖ్య 53 గల అయొడిన్ గామా కిరణాలను బాగా అడ్డుకుంటుంది. అయితే శుద్ధ స్ఫటికం గది ఉష్ణోగ్రత వద్ద అంతగా మెరవదు. కాస్త థాలియం కలిపితే ప్రకాశవంతమైన మెరుపులు వస్తాయని 1948లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ హాఫ్‌స్టాడ్టర్ చూపారు. మెరుపు తీవ్రతను బట్టి కిరణం శక్తి, దాన్నిబట్టి ఐసోటోపు ఏదో తెలుస్తుంది.

దీని బలహీనత తేమ. గాలిలోని తేమను పీల్చుకుని స్ఫటికం పసుపుబారుతుంది, మెరుపు మందగిస్తుంది. అందుకే గాలి చొరని అల్యూమినియం డబ్బాలో, ఒకవైపు గాజు కిటికీ అమర్చి బిగిస్తారు. వానాకాలంలో ఆ సీలు వదులైతే పరికరం పనిచేస్తున్నట్లే కనిపిస్తుంది, ఐసోటోపును గుర్తుపట్టే శక్తి మాత్రం తగ్గిపోతుంది.